పహోం కొడుకు ఏమయ్యాడు?

టాల్‌స్టాయ్ 1886లో ప్రకటించిన ‘మనిషికి ఎంత భూమి కావాలి?’ కథ గురించి మన సభల్లో సాధారణంగా రెండు మాటలే వినిపిస్తాయి. లోభం ఎంత చెడ్డదో ఇంతకన్నా బాగా చెప్పిన కథ లేదనేది ఒకటి. ఇది పేదవాణ్ణి ఆశపడవద్దని ఊరుకోబెట్టే మతబోధ, దీన్ని పక్కన పెట్టాలనేది రెండోది. ఈ రెండో మాట అనేది ఎక్కువగా మన అభ్యుదయ మిత్రులే. మొన్న ఒక సాహిత్య సభలో ఈ రెండు మాటలనూ ఒకే పూట ఇద్దరు వక్తల నోట విన్నాను. ఇద్దరూ గట్టిగానే కలబడ్డారు కాని, కథ లోభం గురించే అనే విషయంలో ఇద్దరికీ భేదం లేదు. నా పేచీ అక్కడే.

కథ అందరికీ తెలిసిందే ఐనా నా వాదానికి కావలసినంత మేరకు చెప్పుకుంటాను. పహోం చిన్న రైతు. తనకు భూమే చాలినంత ఉంటే దయ్యానికి కూడా భయపడనని అనుకుంటాడు. పొయ్యి వెనక కూర్చున్న దయ్యం ఆ మాట వింటుంది. అతను మొదట కొంచెం భూమి కొంటాడు, తరువాత ఓల్గా అవతలికి వెళ్ళి ఇంకొంత సంపాదిస్తాడు. చివరికి బాష్కీర్ల దేశం చేరతాడు. అక్కడ వెయ్యి రూబుళ్ళు కడితే పొద్దుపొడుపు నుంచి పొద్దుగుంకే లోపల కాలినడకన చుట్టి వచ్చినంత నేలా అతనిదే. పహోం ఎక్కువ దూరం పోయి, పరుగెత్తుకుని వచ్చి, గమ్యం చేరి చచ్చిపోతాడు. తలనుంచి కాళ్ళదాకా పట్టే గొయ్యి అతనికి చాలింది. మన తెలుగులో ఆరడుగులంటాం. మూలంలో ఉన్నది మూడు అర్షీన్‌లట, అంటే దాదాపు ఏడడుగులు.

ఈ కథకు వేరు లూకా సువార్తలో ఉంది. పన్నెండో అధ్యాయంలో ఒక ధనవంతుడి పొలం విరగపండుతుంది. ఉన్న కొట్లు చాలవు, వాటిని పడగొట్టి పెద్దవి కట్టిస్తాను, ఇక తిని తాగి సుఖపడతాను అనుకుంటాడు. ఆ రాత్రే చచ్చిపోతాడు. నాలుగైదు వాక్యాల ఉపమానం, అంతే. కాని అందులో ఆ ధనవంతుడు తనలో తాను మాట్లాడుకునే తీరు చూడండి. నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా సరుకు, చివరికి నా ప్రాణం. దున్నినవాడు, కోసినవాడు, మోసినవాడు ఒక్కడూ ఆ మాటల్లో లేడు. కూలివాణ్ణి వాక్యం లోంచే తీసేయడం ఆ ఆస్తిపరుడి భాష. శిల్పం తెలిసినవాడు రాసిన ఉపమానం అది.

ఐతే ఈ ఉపమానం చెప్పవలసిన సందర్భం ఏమిటన్నది ప్రసంగాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. జనంలోంచి ఒకడు లేచి, పిత్రార్జితంలో నా భాగం నాకు పంచిపెట్టమని మా అన్నదమ్ముడితో చెప్పండి అని యేసును అడుగుతాడు. భాగపంపకాల తగాదా. మీకు నన్ను తీర్పరిగా నియమించిందెవరని యేసు తప్పుకుని, లోభానికి లోనుకావద్దని అందరికీ చెప్పి, ఆ పైన ఈ కథ చెబుతాడు. అడిగినవాడు దురాశాపరుడో, అన్యాయమైపోయినవాడో మనకు తెలియదు. అతను అడిగింది న్యాయం. అతనికి దొరికింది లోభం మీద బోధ. రెండువేల ఏళ్ళుగా భూమి అడిగినవాడికి దొరుకుతున్న సమాధానం ఎక్కువ భాగం ఇదే.

ఇంతటితో ఆగితే మన మిత్రుల వాదమే గెలుస్తుంది. కాని ఆ గ్రంథంలో ఇంకో గొంతు కూడా ఉంది.

మార్కు పదో అధ్యాయంలో ఒక ధనవంతుడు వచ్చి నిత్యజీవానికి ఏం చేయాలని అడుగుతాడు. యేసు అతనికి పది ఆజ్ఞల్లో కొన్ని గుర్తుచేస్తాడు. నరహత్య, వ్యభిచారం, దొంగతనం, అబద్ధసాక్ష్యం వద్దన్న తరువాత, తల్లిదండ్రుల ఆజ్ఞకు ముందు, పది ఆజ్ఞల్లో లేని మాట ఒకటి వస్తుంది. తెలుగు బైబిల్లో అది మోసం చేయవద్దనే అర్థంతో ఉంది. ఇదే కథను మళ్ళీ చెప్పిన మత్తయి, లూకాల్లో ఆ మాట కనిపించదు. నాకు గ్రీకు రాదు. వ్యాఖ్యానాలు చదివి తెలుసుకున్నది ఏమంటే, అక్కడున్న గ్రీకు క్రియ ఇతరులకు చెందవలసింది ఎగ్గొట్టడమనే అర్థాన్నిస్తుంది. పాతనిబంధన గ్రీకు అనువాదంలో, మలాకీ గ్రంథంలో, కూలివాడి కూలి బిగబట్టేవాళ్ళ గురించి చెప్పినచోట వాడింది ఈ క్రియనే. ఆస్తిపరుడు ఎదురుగా నిలబడగానే పది ఆజ్ఞలకు ఒక కొత్త ఆజ్ఞ తోడైందన్నమాట. నీకున్నది అమ్మి బీదలకివ్వు అన్న ప్రసిద్ధ వాక్యం ఆ తరువాత వస్తుంది. ముందు ఎగవేత, తరువాత త్యాగం. బోధకులు రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేశారు.

రెండోదాన్నయినా ఉన్నదున్నట్టు ఉంచారా అంటే అదీ లేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలోని క్లెమెంట్ ధనవంతుల రక్షణ గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. అమ్మవలసింది ఆస్తిని కాదు, ఆస్తి మీద మమకారాన్ని అన్నది ఆయన వ్యాఖ్యానం. ఊళ్ళో సంపన్నులు కూడా సంఘంలో చేరుతున్న కాలం మరి! సూది బెజ్జంలో ఒంటె దూరడం గురించి, యెరూషలేములో ‘సూది బెజ్జం’ అనే ఇరుకు ద్వారం ఒకటుండేదని, ఒంటె బరువు దించి మోకాళ్ళ మీద వంగితే దూరగలిగేదని మా చిన్నప్పుడు ఊళ్ళో పాదిరి చెప్పేవాడు. ఆ ద్వారానికి చారిత్రక ఆధారం ఏమీ లేదు. ఒంటెను దూర్చడానికి గోడకు కన్నం పెట్టారు.

క్లెమెంట్ దారిలో నడిచినప్పుడు ధనం ఆత్మకు పట్టిన జబ్బు అవుతుంది. రోగి ధనవంతుడు, మందు వైరాగ్యం. కథలో బీదవాడికి పాత్ర ఉండదు, ఉన్నా దానం పుచ్చుకునే చెయ్యిగా మాత్రమే ఉంటాడు. ఇంకో దారి ఉంది. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో ధనవంతుల పొలాలు కోసిన కూలీలకు ఎగ్గొట్టిన కూలి తానే మొరపెడుతుందని ఉంది. ఇక్కడ ధనం జబ్బు కాదు, బాకీ. నాలుగో శతాబ్దంలో కప్పదోకియాలో కరువు వచ్చినప్పుడు బసిల్ అనే బిషప్పు ఆ కొట్ల ఉపమానం మీదే ప్రసంగించి, నీ కొట్లో ఉన్న రొట్టె ఆకలిగొన్నవాడిది, నీ పెట్టెలో ఉన్న బట్ట దిగంబరుడిది అనే ధోరణిలో ధాన్యం దాచినవాళ్ళను నిలదీశాడు. దానం చేయమనడానికీ, వాడిది వాడికిమ్మనడానికీ ఎంత దూరముందో విద్యార్థులు గమనించాలి.

తెలుగు అనువాదకులు ఈ రెండో దారికి తెలిసో తెలియకో కొంత మేలు చేశారు. దేవుణ్ణీ ధనాన్నీ కలిపి కొలవలేమన్న చోట మూలంలోని ‘మమోను’ను వాళ్ళు ‘సిరి’ అన్నారు. సిరి అంటే మనకు వట్టి డబ్బు కాదు, ఇంట్లోకి రావాలని ముగ్గులు పెట్టి పిలిచే దేవత. ఆ ఒక్క మాటతో వాక్యం పదును రెట్టింపైంది. అలాగే జక్కయ్యను ‘సుంకపు గుత్తదారు’ అన్నారు. గుత్త అంటే ఏమిటో సారా గుత్తలూ, బందెలదొడ్డి గుత్తలూ చూసిన ఊళ్ళవాళ్ళకు చెప్పనక్కరలేదు. సర్కారుకు ఇంత కట్టి, జనం దగ్గర అంతకు రెండింతలు పిండుకునేవాడు. ఆ గుత్తదారు చివరికి, నా ఆస్తిలో సగం బీదలకిస్తాను, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్ళకు నాలుగింతలు తిరిగి కడతాను అంటాడు. మొదటి సగం దానం. రెండోది లెక్క. ఆ లెక్క చెప్పిన ధనవంతుడు నాకు గుర్తున్నంతలో సువార్తల్లో అతనొక్కడే.

ఐనా దీన్ని పట్టుకుని యేసు తొలి సామ్యవాది అని రాసే ఉత్సాహం నాకు లేదు. రోజా లక్సెంబర్గ్ 1905లో ‘సోషలిజమూ చర్చీలూ’ అనే వ్యాసంలో ఆ ఉత్సాహానికి చాలినంత సమాధానం చెప్పింది. తొలి క్రైస్తవులు ఉమ్మడి చేసుకున్నది అనుభోగాన్ని, ఉత్పత్తిని కాదు. ఉన్నవాళ్ళు అమ్మి తెచ్చిపెడితే అందరూ తిన్నారు. పొలాలూ పనిముట్లూ ఎవరివి వాళ్ళవే. తెచ్చిపెట్టింది అయిపోతే మళ్ళీ తెచ్చిపెట్టే ధనవంతుడు కావాలి. కాబట్టి ఆ సమానత్వానికి ధనవంతుడి అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఈ పరిమితిని మరిచిపోకుండానే మార్కులోని ఆ అదనపు మాటకూ, యాకోబు పత్రికకూ విలువ కట్టాలి.

ఈ బోధ మన నేల మీదికి వచ్చినప్పుడు విన్నవాళ్ళు ఎవరన్నది కూడా ఆలోచించవలసిందే. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ, బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పల్లెల నుంచి వచ్చిన మాదిగలు అక్కడ దెబ్బలు తినకుండా పనిచేసి కూలి పుచ్చుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం కోసం మతం మారారని ఆనాడూ అన్నారు, ఈనాడూ అంటారు. చేసిన పనికి కూలి చేతికి రావడం ఎంత పెద్ద విషయమో ఆ మాట అనేవాళ్ళకు తెలియదు. అలాంటి జనానికి ఆ తరువాత వందేళ్ళకు పైగా ఆదివారం ఆదివారం లోభం విడిచిపెట్టమని చెప్పారు. విడిచిపెట్టడానికి వాళ్ళ దగ్గర ఏముందని?

టాల్‌స్టాయ్ కథను ఇప్పుడు ఈ వెలుగులో మళ్ళీ చదవండి. రైతులు చదువుకోవడానికి చవకగా వేసిన కథల్లో ఇదొకటి. రచయిత ఉద్దేశం క్లెమెంట్ దారిదేనని ఒప్పుకుంటాను. కాని రచయిత ఉద్దేశం ఒకటి, రచయిత కన్ను ఇంకొకటి.

పహోంకు ఆశ ఎక్కడ పుట్టింది? దయ్యం వల్ల అని కథ చెబుతుంది. కాని ఆ తరువాతి పేజీలోనే అసలు సంగతి ఉంది. పక్కనే ఒక జమీందారిణి ఎస్టేటు. దాని మీద కొత్తగా వచ్చిన మాజీ సైనికుడు మేనేజరు. పహోం గుర్రం ఆమె చేలో పడ్డా, ఆవు తోటలోకి పోయినా, దూడలు మేతభూమిలో దిగినా జుల్మానా. జుల్మానా కట్టి ఇంటికొచ్చి పెళ్ళాంబిడ్డల మీద విసుక్కుంటాడు. 1861లో రష్యాలో అర్ధబానిసత్వం రద్దైంది కాని, రైతులకు దక్కిన కమతాలు చాలలేదు, వాటికి కూడా 49 ఏళ్ళ వాయిదాల మీద విమోచన ధనం కట్టమన్నారు. దూడ కాలు పెట్టిన ప్రతిచోటా ఇంకొకరి గట్టు తగిలే రైతుకు భూమి మీద పుట్టిన కోరికను లోభమనడానికి నాకు నోరు రాదు. బందెలదొడ్డికి పశువును తోలించుకుని, జుల్మానా కట్టి విడిపించుకున్న రైతులు మనలో ఎందరు లేరు!

తరువాత జమీందారిణి భూమి అమ్ముతుందని తెలిసి ఊరి కమ్యూను అంతా కలిసి కొనాలని చూస్తుంది. రెండుసార్లు సమావేశమవుతారు, పొత్తు కుదరదు. దయ్యం వాళ్ళలో కలతలు పెట్టింది అని టాల్‌స్టాయ్ ఒక్క ముక్కలో ముగిస్తాడు. కథ మొత్తంలో అత్యంత కీలకమైన ఘట్టాన్ని ఆయన దయ్యానికి అప్పగించేశాడు. ఎవరికెంత భూమి, ఎవరి దగ్గరెంత డబ్బు, ఎవరు ఎవరికి బాకీ అన్న తగాదాలను ఆయన ఎరగనివాడా? 1871లో సమారా ప్రాంతంలో ఆయన స్వయంగా రెండున్నర వేల దెస్యాతిన్‌ల భూమి కొన్నవాడు. అంటే ఆరు వేల ఎకరాల పైమాటే. పహోం దురాశతో వెళ్ళిన స్టెప్పీ మైదానాలు ఆ దిక్కువే. 1873లో అక్కడ కరువొచ్చినప్పుడు ఇంటింటి లెక్క తీసి పత్రికకు లేఖ రాసి సహాయం రప్పించిందీ ఆయనే. దొరా, దొరతనాన్ని ఏవగించుకున్నవాడూ ఒక్కడే. ఈ వైరుధ్యం గురించి లెనిన్ 1908లో రాసిన వ్యాసం మనవాళ్ళందరికీ తెలుసు కనుక దాన్ని ఇక్కడ తిప్పి చెప్పను. దాన్ని జపించేవాళ్ళు కథను మాత్రం దగ్గరగా చదవరన్నదే నా ఫిర్యాదు.

కమ్యూను విఫలమయ్యాక ఎవరికి వాళ్ళు కొంటారు. పహోంకు డబ్బు ఎలా వచ్చింది? చేతిలో నూరు రూబుళ్ళున్నాయి. గుర్రప్పిల్లను అమ్మాడు, తేనెటీగల్లో సగం అమ్మాడు, ఒక కొడుకును జీతానికి కుదిర్చి ఆ జీతం ముందే తీసుకున్నాడు, మిగతాది తోడల్లుడి దగ్గర అప్పు చేశాడు. రష్యన్ తెలిసిన మిత్రుణ్ణి అడిగితే, కొడుకు విషయంలో మూలంలో ఉన్నది ‘తాకట్టు’ అనే అర్థమిచ్చే క్రియ అన్నాడు. గుర్రప్పిల్లకూ తేనెటీగలకూ పక్కన, అదే వాక్యంలో, తాకట్టుపడిన కొడుకు! అతనికి పేరు లేదు. ఎవరి దగ్గర పనికి చేరాడో, ఎన్నేళ్ళకు చేరాడో లేదు. అప్పు తీరిందని కథ చెబుతుంది. కొడుకు ఇంటికొచ్చాడని చెప్పదు. లూకా ధనవంతుడి స్వగతంలో లేకుండా పోయిన కూలివాడు ఇక్కడ అర వాక్యంలో కనబడి మాయమవుతాడు. లోభం గురించిన కథగా చదివినన్నాళ్ళూ నేనూ ఆ అర వాక్యాన్ని దాటిపోయాను. ఎమ్మేలో దీని మీద పదిహేను పేజీల వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను, అందులో ఈ కొడుకు లేడు.

నా కళ్ళు తెరిపించింది ఒక తొమ్మిదో తరగతి పిల్ల. సిలబస్‌లో లేకపోయినా ఏటా ఒకసారి ఈ కథ చెప్పడం నాకు అలవాటు. చివరకు వచ్చి, చూశారా, ఆరడుగుల నేల చాలింది అని గొంతు తగ్గించి అన్నాను. ఎప్పుడూ ఆ చోట తరగతి నిశ్శబ్దమవుతుంది. ఆ రోజు వెనక బెంచీలోంచి ఆ పిల్ల లేచి, “ఆ ఆరడుగులు ఎవరి పొలంలో సార్?” అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. వాళ్ళ పల్లెకు శ్మశానం లేదు. వాగు ఒడ్డున పూడుస్తారు. ఆ ఏడు వానలకు గట్టు కోసుకుపోయి వాళ్ళ తాత గుంట వాగులో కలిసిందని తరువాత తెలిసింది. పక్క పోరంబోకు అడిగితే, ఉన్న చోటు చాలదా, అంత ఆశేమిటని ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన అన్నాడట. ఆయన టాల్‌స్టాయ్‌ని చదివి ఉండడు. చదవనక్కరలేకుండానే ఆ కథలోని నీతి ఆయనకు పనికొచ్చింది.

ఆ పిల్లకు నేను సమాధానం చెప్పలేదు, గంట కొట్టారు. ఇంటికొచ్చి కథ మళ్ళీ చదివాను.

చెకోవ్ ఈ నీతికి 1898లోనే ‘గూస్‌బెర్రీలు’ కథలో జవాబిచ్చాడు. మూడు అర్షీన్‌లు కావలసింది శవానికి, బతికున్న మనిషికి కావలసింది భూగోళమంతా అని ఆయన పాత్ర ఒకటి వాదిస్తుంది. మన విమర్శకులు దీన్ని టాల్‌స్టాయ్ మీద గెలుపుగా ఉటంకిస్తారు. మంచి జవాబే. కాని అది స్వేచ్ఛ కోరే చదువుకున్న మనిషి జవాబు. శవానికైనా ఆ మూడు అర్షీన్‌లు అందరికీ దొరుకుతాయనే ఇద్దరూ అనుకున్నారు. వాగు ఒడ్డు ప్రశ్న ఇద్దరి కథల్లోనూ లేదు.

పహోం ఎస్టేటు భూమి కొన్నాక ఏం చేశాడో కూడా చెప్పాలి, లేకపోతే నేను అతన్ని వెనకేసుకొచ్చినట్టవుతుంది. ఇరుగుపొరుగు పశువులు తన చేలో పడితే మొదట ఊరుకున్నాడు. తరువాత కోర్టుకెక్కి వాళ్ళ చేత జుల్మానా కట్టించాడు. జమీందారిణి మేనేజరు తనకు చేసింది తాను ఇతరులకు చేశాడు. టాల్‌స్టాయ్ కన్ను ఇక్కడ నిర్దాక్షిణ్యంగా పనిచేసింది. భూమి చేతికి రాగానే మనిషి ఏ వైపుకు మారతాడో ఈ రెండు జుల్మానాల మధ్య మొత్తం ఉంది. ఇది లోభమంటే అంటారు కొందరు. లోభం పుట్టుకతో వచ్చే గుణమైతే మొదట ఎందుకు ఊరుకున్నాడు? గట్టు మారింది, గట్టుతో పాటు మనిషి మారాడు.

మన కళాబృందం ఒకటి ఈ కథను వీధినాటకంగా వేయగా చూశాను. పహోంను మీసాల భూస్వామిని చేశారు, దయ్యాన్ని వడ్డీవ్యాపారిని చేశారు. చప్పట్లు బాగా పడ్డాయి. కాని పహోం భూస్వామి ఐతే ఇక కథేముంది? మన మధ్యనుంచి లేచి, మన మీదే జుల్మానా వేసిన రైతు కనుకనే అతను మనకు ఇబ్బంది పెట్టే పాత్ర. ఆ ఇబ్బందిని తీసేసి శత్రువును సులువు చేసుకున్నారు. ప్రదర్శన తరువాత ఈ మాట చెబితే దర్శకుడు, “మాస్టారూ, జనానికి తేలిగ్గా అర్థం కావాలి కదా” అన్నాడు. మంచివాడే, కష్టపడి పనిచేస్తాడు. జనానికి ఏది కష్టమో తేల్చింది ఎవరని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

ఆ నాటకంలో నాకు నచ్చని ఇంకో విషయం అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. కథ చివర పార తీసుకుని గొయ్యి తవ్వినవాడు పహోం వెంట తెచ్చుకున్న పనివాడు. బాష్కీర్ల దేశం దాకా యజమానితో నడిచి వచ్చినవాడు. వాడికీ పేరు లేదు. మొదట ఒక జీతగాడు, చివర ఒక జీతగాడు, మధ్యలో కథంతా పహోం. మనవాళ్ళ ప్రదర్శనలో ఆ గొయ్యి తవ్వే పని తెరలు లాగే కుర్రాడు మామూలు చొక్కాతోనే వచ్చి చేసి పోయాడు. వచ్చే ఏడాది మళ్ళీ వేస్తామన్నారు. ఆ వేషానికి ఒక నటుణ్ణి పెట్టమని దర్శకుడికి ఉత్తరం రాశాను, ఇంకా జవాబు రాలేదు.